తెర లేని పెన్ ట్యాబ్లెట్, నాలుగేళ్ల వాడకం తర్వాత

ఇది మధ్య సైజు పెన్ ట్యాబ్లెట్. దీనికి తెర ఉండదు, చూడ్డానికి ఒక నల్ల పలక, అంతే. గీసేది పలక మీద, బొమ్మ కనిపించేది ఎదురుగా ఉన్న ల్యాప్‌టాప్‌లో. గీసే జాగా 10 అంగుళాల వెడల్పు, 6.25 అంగుళాల ఎత్తు. బ్యాటరీ లేని పెన్, ఎడమ పక్కన ఎనిమిది బటన్లు, ధర ఐదారు వేల రూపాయల మధ్య. బ్రాండు పేరు కావాలనే రాయడం లేదు. ఈ ధరలో దొరికే నాలుగైదు కంపెనీల పలకలు పనితీరులో అన్నదమ్ముల్లాంటివి. అరిగే చోట్లూ, చెడే తీరూ ఒకటే.

వాడకం రోజుకు మూడు నాలుగు గంటలు. కథలకు బొమ్మలు, పుస్తకాల అట్టలు, తెలుగు టైటిల్ అక్షరాలు. బొమ్మలకూ చేత్తో వేసే అక్షరాలకూ క్రిటా, టైపు చేసే అక్షరాలకు ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్లు. రెండేళ్లు విండోస్ మీద, రెండేళ్లు లినక్స్ మీద.

తీర్పు ముందే చెప్పేస్తాను. గీత ప్రధానంగా బొమ్మలు వేసేవాళ్లకు ఇది సరిపోతుంది, తెర ఉన్నదాని కోసం అప్పు చేయనక్కర్లేదు. డబ్బా మీద పెద్దక్షరాల్లో అచ్చేసిన అంకెల్లో ఒక్కటి కూడా ఈ నాలుగేళ్లలో పనికి అడ్డు రాలేదు. అడ్డొచ్చినవన్నీ డబ్బా మీద లేనివే: నిబ్ (పెన్ మొన), పలక పై పొర, కేబుల్, డ్రైవర్ (పలకను కంప్యూటర్‌తో కలిపే సాఫ్ట్‌వేర్).

డబ్బా మీది అంకెలు

8192 ప్రెషర్ లెవెల్స్ అని రాస్తారు, అంటే పెన్‌ను ఎంత నొక్కారో పలక గుర్తుపట్టే మెట్లు. 20 పిక్సెళ్ల బ్రష్‌తో గీత లాగుతున్నప్పుడు, సన్నం నుంచి లావుకు వెళ్లే దారిలో కంటికి తేడా తెలిసే మెట్లు వందకు మించి ఉండవు. పాత పలకల్లో 2048 ఉండేది, దానితోనూ గీత ఇంతే నున్నగా వచ్చేది. అసలు చూడాల్సింది మొదటి మెట్టు, అంటే ఎంత తేలిగ్గా ఆనిస్తే గీత మొదలవుతుందన్నది. అది బరువుగా ఉంటే సన్నగా మొదలవ్వాల్సిన గీత ముందు రాదు, తర్వాత ఒక్కసారిగా బొట్టులా పడుతుంది. కనుబొమ్మ కొస, జడ కొస వేసేటప్పుడు ఈ లోపం వెంటనే పట్టుబడుతుంది. ఈ సంగతి డబ్బా మీద చాలా కంపెనీలు రాయవు, రాసినా చేత్తో చూస్తే తప్ప తెలియదు.

అంగుళానికి 5080 గీతలు అన్నది ఇంకో అంకె. 10 అంగుళాలకు 50,800 బిందువులు. ఎదురుగా ఉన్న తెర వెడల్పు 1920 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు పలక మీద ఇరవై ఆరు బిందువులన్నమాట. ఇందులో సగమున్నా గీతలో తేడా కనబడదు.

లెక్క వేయాల్సింది వేరే. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ తెర వెడల్పు సుమారు 13.6 అంగుళాలు. పలక మీద 10 అంగుళాలు ఆ 13.6ను కప్పుతాయి. చెయ్యి ఒక అంగుళం కదిలితే తెర మీద గీత 1.36 అంగుళాలు. 6 అంగుళాల చిన్న పలక తీసుకుంటే అదే 2.27 అవుతుంది. చేతి వణుకు కూడా అదే లెక్కన పెరుగుతుంది. వెయ్యి రూపాయలు మిగులుతాయని చిన్న పలక కొని, ‘డిజిటల్ మనకు చేతకాదు’ అనుకునేవాళ్లలో చాలామందికి అసలు సమస్య ఇదే. 24 అంగుళాల మానిటర్ పెట్టుకునేవాళ్లయితే చిన్నదాని వైపు అసలు చూడకండి. అక్కడ మధ్య సైజుకే రెండు రెట్లు దాటుతుంది.

మొదటి రోజు చేయాల్సినవి

పలక 16:10 కొలతలో ఉంటుంది, తెర ఎక్కువగా 16:9. డ్రైవర్ వేసిన వెంటనే పలక మొత్తాన్ని తెర మొత్తానికి అంటించేస్తుంది. అప్పుడు చెయ్యి గుండ్రంగా తిప్పితే తెర మీద నిలువు పదో వంతు కుదించుకుపోయి, అణిగిన సున్నా వస్తుంది. తెలుగు అక్షరం రాస్తే దిబ్బరొట్టెలా కూర్చుంటుంది. డ్రైవర్‌లో కొలతల నిష్పత్తిని తెరకు సరిపెట్టే ఎంపిక ఉంటుంది, అది పెట్టాలి. లేకపోతే ఎత్తును చేత్తో 5.625 అంగుళాలకు తగ్గించాలి. కింద అరంగుళం పైచిలుకు జాగా పోతుంది, పోనివ్వండి. సరిచూడాలంటే చిన్న గిన్నె మూతను పలక మీద పెట్టి చుట్టూ గీయండి. తెర మీద స్కేలు పెట్టి కొలిస్తే అడ్డం, నిలువు సమానం రావాలి.

రెండు మానిటర్లుంటే పలకను ఒక్కదానికే కట్టేయాలి. లేకపోతే సగం పలక మీద ఇరుక్కుని గీస్తున్నట్టు ఉంటుంది.

తర్వాత పలక కూర్చునే కోణం. కళ్లు మూసుకుని మోచేయి ఊపుతో ఎడమ నుంచి కుడికి ఒక అడ్డగీత లాగండి. తెర మీద అది వాలి ఉంటే తప్పు చేతిది కాదు, పలకది. గీత చదునుగా వచ్చేదాకా పలకను కొద్దికొద్దిగా తిప్పి, కుదిరిన చోట బల్ల మీద రెండు మూలల దగ్గర మాస్కింగ్ టేపుతో గుర్తు పెట్టుకోండి. రోజూ పలక తీసి పెట్టేవాళ్లకు ఈ గుర్తు లేకపోతే ప్రతి ఉదయం మొదటి పావుగంట వృథా.

చెయ్యి ఒకచోట, చూపు ఒకచోట ఉండే పద్ధతికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈ లోపు బొమ్మలు వేసి నిరాశపడడం కంటే రాయడం మేలు. అఆఇఈలు, ఇంటి పద్దు, ఏదైనా పెన్‌తో రాయండి. రాసేటప్పుడు కన్ను కలం కొసను వెతకడం తొందరగా మానేస్తుంది. నలుగురైదుగురు కొత్తవాళ్లకు ఇదే చెప్పి చూశాను. నేరుగా ముఖాలు వేయడం మొదలుపెట్టినవాళ్ల కంటే రాసినవాళ్లకే చెయ్యి ముందు కుదిరింది.

డ్రైవర్

విండోస్‌లో వచ్చే తొంభై పాళ్ల చిక్కులకు మూలం మూడు. ఒకటి, పాత పలక తాలూకు డ్రైవర్ తీయకుండా కొత్తది వేయడం. రెండూ పెన్‌ను లాక్కుంటాయి, ప్రెషర్ పోతుంది, గీతంతా ఒకే లావులో వస్తుంది. పాతది తీసేసి, యంత్రం మళ్లీ మొదలుపెట్టి, అప్పుడు కొత్తది వేయాలి. రెండు, విండోస్ ఇంక్, అంటే పెన్ కోసం విండోస్‌లోనే ఉండే ఏర్పాటు. డ్రైవర్‌లో అది టిక్ పెట్టి ఉండి, క్రిటా సెట్టింగ్స్‌లోని ట్యాబ్లెట్ పేజీలో విన్‌ట్యాబ్ అనే పాత పద్ధతి ఎంచుకుని ఉంటే పొత్తు కుదరదు. ఇంక్ ఉంటే అక్కడ విండోస్ పాయింటర్ ఇన్‌పుట్, లేకపోతే విన్‌ట్యాబ్, మార్చాక క్రిటాను మూసి తెరవాలి. మూడు, పెన్ ఆనించి ఉంచితే నీటి వలయంలా ఒక గుండ్రం కనిపించి రైట్ క్లిక్ అవడం. కంట్రోల్ ప్యానెల్‌లో పెన్ అండ్ టచ్‌లోకి వెళ్లి ‘ప్రెస్ అండ్ హోల్డ్’ ఆపేస్తే పోతుంది. పెద్ద విండోస్ అప్‌డేట్ తర్వాత ఇవి మళ్లీ మొదటికి రావచ్చు. ఏదో చెడిపోయిందని కంగారు పడేముందు ఈ మూడూ చూడండి.

నిద్రలోకి వెళ్లిన ల్యాప్‌టాప్ లేచాక పలక లేవకపోతే, పవర్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపాలి. హబ్‌లో కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కు గుచ్చాలి.

లినక్స్‌లో చాలా పలకలు గుచ్చగానే గీస్తాయి, ప్రెషర్‌తో సహా. బటన్లు, జాగా కొలతలు మార్చుకోవడానికి ఓపెన్ ట్యాబ్లెట్ డ్రైవర్ వాడాను, నచ్చింది. కొనేముందు మీ మోడల్ పేరు దాని జాబితాలో ఉందో లేదో చూసుకోండి.

ప్రెషర్ కర్వ్, అంటే ఎంత నొక్కితే గీత ఎంత లావవ్వాలో చెప్పే వంపు గీత, రెండు చోట్ల ఉంటుంది, డ్రైవర్‌లో ఒకటి, క్రిటాలో ఒకటి. రెండింటినీ కదిపితే ఏది ఏం చేస్తోందో ఎవరికీ తెలియదు. డ్రైవర్‌ది సరళరేఖగా వదిలేసి క్రిటాలో మాత్రమే మార్చడం మంచిది. బాపు గీతలా సన్నం, లావు, మళ్లీ సన్నం కావాలంటే కర్వ్‌ను మొదట్లో కొంచెం కిందికి లాగాలి. అప్పుడు తేలిక చేతికి గీత ఎక్కువసేపు సన్నగానే ఉండి, నొక్కినచోట మాత్రమే విప్పుకుంటుంది. గట్టిగా నొక్కే అలవాటున్నవాళ్లు మొత్తాన్ని పైకి లాగితే నిబ్‌లు కూడా మిగులుతాయి. ఎందుకో కింద చెబుతాను.

నిబ్, పై పొర: అసలు ఖర్చు ఇక్కడే

కొత్తగా పలక మీద గరుకు పొర ఉంటుంది. కాగితం మీద గీస్తున్నట్టు చిన్న చప్పుడు, చేతికి పట్టు. అదే గరుకు ప్లాస్టిక్ నిబ్‌ను ఆకురాయిలా అరగదీస్తుంది. నిబ్ నిలువుగా అరగదు. పెన్ పట్టుకునే వాలులో ఒక పక్కకు చెక్కినట్టు అరుగుతుంది. ఆ చెక్కుడుకు ఒక అంచు వస్తుంది. పెన్‌ను వేళ్ల మధ్య కొంచెం తిప్పగానే ఆ అంచు పలకను గీకుతుంది. పలకల మీద గాట్లు పడేది అరిగిన నిబ్ వల్ల, వాడకం వల్ల కాదు.

కాబట్టి నిబ్ పొట్టిదయ్యేదాకా ఆగకూడదు. వేలి కొసతో తడిమితే అంచు తగిలిందంటే తీసేయాలి, లేదా సవరించాలి. సవరించడం తేలికే. గోళ్లు రుద్దుకునే ఫైలు మీద, లేకపోతే మామూలు కాగితం మీద, నిబ్‌ను తిప్పుతూ రుద్దితే అంచు గుండ్రబడుతుంది. అలా ఒక్కో నిబ్‌కు రెండు మూడు వారాలు అదనంగా వస్తాయి. బయటికి ఉన్న భాగం ఒక మిల్లీమీటర్‌కు వచ్చిందంటే ఇక సవరణ వద్దు, పెన్ మూతి పలకకు తగులుతుంది. మార్చేటప్పుడు డబ్బాలో వచ్చే చిన్న ఉంగరంతో పట్టుకుని తిన్నగా లాగాలి. అది పోతే గోరు కత్తెరతో సున్నితంగా పట్టుకుని లాగవచ్చు. మెలితిప్పితే నిబ్ లోపల విరిగిపోతుంది.

నా వాడకంలో మొదటి ఏడాది ఎనిమిది నిబ్‌లు పోయాయి. రెండో ఏడాది నుంచి నాలుగు. చెయ్యి మారలేదు, కర్వ్ మారింది. గట్టిగా నొక్కాల్సిన అవసరం పోయేసరికి అరుగుడు సగమైంది. పది నిబ్‌ల పొట్లం కొన్ని వందల రూపాయలకు వస్తుంది. పెన్ మోడల్ నంబర్ చూసి కొనాలి. కంపెనీ ఒకటే అయినా పెన్ పెన్‌కు నిబ్ లావు మారుతుంది. వదులుగా కూర్చున్న నిబ్ గీసేటప్పుడు టకటకమంటుంది, ఇరుకుగా కూర్చున్నది వెనక్కి రాక గీత ఆగకుండా పడుతూనే ఉంటుంది.

పై పొర విషయానికి వస్తే, ఏడాది తిరిగేసరికి నడిమధ్య అరచేయంత మేర నున్నబడి మెరుస్తుంది. పని ఆగదు గాని పట్టు పోతుంది, పెన్ జారుతుంది. అందరం బొమ్మ మధ్యలోనే వేస్తాం కదా. దీనికి మూడు మార్గాలు ప్రయత్నించాను.

అన్నిటికంటే చౌక, ఖర్చే లేనిది: డ్రైవర్‌లో గీసే జాగాను కొంచెం చిన్నది చేసి, అరగని వైపుకు జరపడం. 9 అంగుళాల వెడల్పు పెట్టి కుడి పైమూలకు జరిపితే కొత్త గరుకు దొరుకుతుంది. ఇంకో ఏడాది నడుస్తుంది. చెయ్యి ఒకటి రెండు రోజుల్లో అలవాటు పడుతుంది.

రెండోది, కాగితం. 100 జీఎస్ఎమ్ కాగితాన్ని మాస్కింగ్ టేపుతో అంటిస్తే పెన్ దాని గుండా పనిచేస్తుంది. ఈ పెన్‌కు బ్యాటరీ ఉండదు. పలక వదిలే విద్యుదయస్కాంత తరంగాలకు పెన్ లోపలి తీగచుట్ట ప్రతిస్పందిస్తుంది, మధ్యలో కాగితం ఉన్నా లెక్కచేయదు. గీసే అనుభవం బ్రహ్మాండంగా ఉంటుంది. నిబ్ మాత్రం కళ్లముందే కరిగిపోతుంది. గరుకైన కార్ట్రిడ్జ్ కాగితమైతే ఇంకా ఘోరం. ఎప్పుడన్నా ఒక రోజుకు బాగుంటుంది, రోజువారీ పనికి కాదు.

మూడోది, నిలిచినది: మొబైళ్లకు, ల్యాప్‌టాప్ తెరలకు అంటించే మాట్ ఫిల్మ్. పలక కొలతకు కోయించి, బుడగలు రాకుండా అంటిస్తే ఎనిమిది పది నెలలు వస్తుంది. మెరిసే ఫిల్మ్ వద్దు, దానిమీద పెన్ ఐసు మీద జారినట్టు జారుతుంది. పాతకాలం ప్రొజెక్టర్‌కు వాడే ఓహెచ్‌పీ పారదర్శక షీటుదీ అదే రోగం.

ఎండాకాలం ఇంకో బాధ. చెమట పట్టిన అరచేయి పలకకు అతుక్కుంటుంది, గీత మధ్యలో చెయ్యి ఆగిపోతుంది. రెండు వేళ్ల గ్లౌజు డబ్బాలో వస్తుంది. పోతే పాత నైలాన్ సాక్సు కోసి చేసుకోవచ్చు. తుడవడానికి కొద్దిగా తడిపి గట్టిగా పిండిన బట్ట చాలు. శానిటైజర్ లాంటి ఆల్కహాల్ ద్రవాలు పొర మీద మచ్చలు చేస్తాయి. పల్లీలు తింటూ గీస్తే ఉప్పు రేణువు నిబ్ కింద పడి పలక మీద శాశ్వత గీత. చిరుతిళ్లకు ఇంకో బల్ల వెతుక్కోండి.

తెలుగు అక్షరాల దగ్గర

ఈ పలక కొన్న తెలుగు చిత్రకారులు ఎక్కువగా తడబడేది ఇక్కడే, ఇంగ్లిష్ వీడియోల్లో ఇది దొరకదు. వాళ్ల అక్షరాల్లో నిలువు గీతలెక్కువ, మనవన్నీ వంపులు. వంపు నున్నగా రావాలని క్రిటాలో స్మూతింగ్ పెంచుతాం. పెంచగానే వంపు బాగుపడుతుంది గాని తలకట్టు పాడవుతుంది. తలకట్టులో గీత కిందికి దిగి, చటుక్కున మలుపు తిరిగి పైకి లేవాలి. వెయిటెడ్ స్మూతింగ్ ఆ మలుపును గుండ్రం చేసేస్తుంది, తలకట్టు కాస్తా గిన్నె అవుతుంది. వట్రుసుడి లోపలి చుట్ట పూడుకుపోతుంది.

పనిచేసే అమరిక ఇది. టూల్ ఆప్షన్స్‌లో వెయిటెడ్ కాకుండా స్టెబిలైజర్ ఎంచుకోవాలి. అందులో డిలే అన్నది ఆన్ చేయాలి. అది పెన్ చుట్టూ ఒక చిన్న నిశ్చల వలయం పెడుతుంది, వలయం దాటితేనే గీత కదులుతుంది. మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి దిశ మార్చితే కోణం కోణంగానే వస్తుంది. ఫినిష్ లైన్ కూడా ఆన్‌లో ఉండాలి, లేకపోతే గీత పెన్ ఆగిన చోటికి ఒక అడుగు ముందే ఆగిపోయి, గుడి మూసుకోదు. డిస్టెన్స్ అంకె 30 నుంచి 50 మధ్య పెద్ద టైటిళ్లకు బాగుంటుంది. ఒత్తులకు సగానికి తగ్గించాలి. చిన్న రూపాలకు అంత సాయం పెడితే చెయ్యి ముందు, గీత వెనక అయిపోతుంది.

అక్షరాన్ని మణికట్టుతో కాదు, మోచేతితో వేయాలి. కాన్వాస్‌ను పెద్దది చేసి చూస్తూ, ఒక్కో అక్షరం పలక మీద మూడు అంగుళాల ఎత్తు వచ్చేలా వేస్తే చిన్నది చేసినప్పుడు ముత్యాల్లా కుదురుతాయి. కాగితాన్ని తిప్పుకునే అలవాటున్నవాళ్లకు 4, 6 కీలు కాన్వాస్‌ను తిప్పుతాయి, 5 తిన్నగా చేస్తుంది, ఎమ్ అద్దంలో చూపిస్తుంది. అద్దం చూపులో తెలుగు అక్షరం చదవడం రాదు, ఆకారం మాత్రమే కనిపిస్తుంది. ఎక్కడ బరువు ఎక్కువైందో వెంటనే దొరికిపోతుంది. పలక బటన్లలో వీటినే పెట్టుకున్నాను. మిగతా వాటిలో అన్‌డూ, ఈ నొక్కితే వచ్చే ఎరేజర్, చెయ్యిలా జరిపే స్పేస్. ఎనిమిదిలో ఏడే వాడకంలో ఉన్నాయి.

చేత్తో వేయని తెలుగు, అంటే టైపు చేసిన వాక్యాలు, క్రిటాలో పెట్టను. 5.2 వెర్షన్ నుంచి దాని అక్షర యంత్రాంగం మారింది, ఒత్తులు సరిగ్గానే కూర్చుంటున్నాయి. కానీ అక్షరాల ఎడం, వరుసలు సవరించడానికి ఇంక్‌స్కేప్ హాయి. మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి వంటి యూనికోడ్ ఫాంట్లతో అక్కడ టైపు చేసి, షిఫ్ట్, కంట్రోల్, సీ కలిపి నొక్కి అక్షరాలను పాత్‌గా, అంటే గీతలతో చేసిన ఆకారాలుగా, మార్చాలి. ఆ తర్వాతే ప్రెస్‌కు పంపాలి. మన డీటీపీ సెంటర్లలో చాలాచోట్ల ఇంకా అను ఫాంట్లే నడుస్తున్నాయి. అవి యూనికోడ్ కావు, అక్షరాలకు వాటి సొంత సంకేతాలు వాడతాయి. అక్షరాలను అక్షరాలుగా పంపితే అక్కడ తెరవగానే పిచ్చి గుర్తులవుతాయి. పాత్‌గా పంపితే అది బొమ్మే కాబట్టి ఎవరూ చెడగొట్టలేరు. తప్పు దిద్దాలంటే మాత్రం మీ దగ్గరికే రావాలి, అందుకని మార్చకముందు ఫైలు వేరే దాచుకోండి.

అచ్చుకు వెళ్లేటప్పుడు

ఇది పలక సంగతి కాకపోయినా, దీంతో వేసిన బొమ్మలు నవ్వులపాలయ్యేది ఇక్కడే. ఏ4 అట్టకు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) చుట్టూ 3 మిల్లీమీటర్ల కోత అంచు కలిపితే 2551 × 3579 పిక్సెళ్లు. మొదట్నుంచీ ఆ కొలతలోనే వేయండి, తర్వాత పెంచితే గీత మసకబారుతుంది. బొమ్మ ఆర్‌జీబీలో (తెర రంగుల పద్ధతి) వేసి చివర్లో సీఎమ్‌వైకేకు (అచ్చు సిరాల పద్ధతి) మారిస్తే నల్లగీత నాలుగు రంగుల మిశ్రమంగా మారిపోతుంది. ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా గీత పక్కన ఎర్ర నీడ. అందుకే గీతల లేయర్‌ను (ఒకదాని మీద ఒకటి పరిచే పారదర్శక పొరల్లో ఒకటి) రంగుల నుంచి విడిగా ఉంచి, మార్చిన తర్వాత దాన్ని ఒక్క నల్ల సిరాతో మళ్లీ నింపాలి. పీఎన్‌జీలో సీఎమ్‌వైకే ఉండదు, టిఫ్ పంపాలి.

చౌక ల్యాప్‌టాప్‌ల్లో ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ (తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలమానం) తెరలుంటాయి. కంప్యూటర్ తెరలకు మామూలు ప్రమాణమైన ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో అవి మూడింట రెండు వంతులు కూడా చూపించలేవు. కుంకుమ ఎరుపు వాటి మీద ఇటుక రంగులో కనిపిస్తుంది. మీరు దాన్ని సరిచేస్తూ పోతారు, అచ్చులో అది కళ్లు చెదిరే ఎరుపై వస్తుంది. తెర ఉన్న ట్యాబ్లెట్‌కు పెట్టబోయే డబ్బులో సగంతో ఒక మంచి ఐపీఎస్ మానిటర్ వస్తుంది. రంగుల అట్టలు వేసేవాళ్లకు అదే సరైన ఖర్చు.

మెమరీ లెక్క కూడా చూసుకోండి. ఏ4, 300 డీపీఐ, 8 బిట్‌లో పూర్తిగా నిండిన ఒక్కో లేయర్ దాదాపు 35 ఎంబీ, ఏ3 అయితే 70. ఇరవై అయిదు లేయర్ల ఏ3 బొమ్మ, దాని అన్‌డూ చరిత్ర, పక్కన బ్రౌజర్, అన్నీ కలిసి 8 జీబీ ల్యాప్‌టాప్‌ను మోకాళ్ల మీద కూర్చోబెడతాయి. బ్రష్ వెనకబడుతుంటే పలకను తిట్టకండి, ముందు బ్రౌజర్ మూయండి.

క్రిటా మధ్యలో కూలినా, కరెంటు పోయినా, సేవ్ చేసిన ఫైలు తెరుచుకోకపోయినా ఒక దారి ఉంది. దాని కె.ఆర్.ఏ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. పేరు చివర జిప్ అని మార్చి విప్పితే లోపల మొత్తం బొమ్మ కలిపిన పీఎన్‌జీ ఒకటి ఉంటుంది. లేయర్లు పోయినా బొమ్మ దక్కుతుంది. ఇంతదాకా రాకుండా ఉండాలంటే కంట్రోల్, ఆల్ట్, ఎస్ నొక్కుతూ ఉండండి. ప్రతిసారీ కొత్త నంబరుతో ఇంకో కాపీ దాస్తుంది.

పెన్, కేబుల్, మిగతా చిల్లర

పెన్ ఎప్పుడూ నిబ్ కిందికి ఉండేలా పడకూడదు. లోపల పెళుసైన ఫెర్రైట్ ముక్క ఉంటుంది. అది చిట్లితే పెన్ కదులుతుంది, ప్రెషర్ మాత్రం పిచ్చిగా వస్తుంది లేదా రాదు. దానికి బాగుచేత లేదు. కొత్త పెన్ ధర పలక ధరలో మూడో వంతు దాకా ఉండొచ్చు, పైగా పాత మోడళ్లకు దొరకదు. కొనేముందు ‘విడిగా పెన్ దొరుకుతుందా’ అని చూడండి, ఇది మిగతా అన్ని ప్రశ్నల కంటే ముఖ్యం. సంచీలో పెట్టేటప్పుడు పెన్‌ను కళ్లజోడు డబ్బాలో పెట్టండి. పలకతో పాటు ఒకే గుడ్డసంచీలో తోస్తే మెట్రో రద్దీలో నిబ్ నొక్కుకుని వంగుతుంది. పలకకు మాత్రం భయం లేదు. తెర లేదు, బ్యాటరీ లేదు, రెండు పుస్తకాల మధ్య పెట్టుకుని ఎక్కడికైనా వెళ్లొచ్చు.

పెన్ పట్టు మీది రబ్బరు పూత మూడో వేసవిలో జిగటైంది. మన వేడికి, తేమకు ఇలాంటి పూతలన్నీ చివరికి ఇంతే. ఎలక్ట్రికల్ షాపులో దొరికే హీట్ ష్రింక్ గొట్టం తొడిగి వేడి చూపిస్తే కొత్త పట్టు వస్తుంది. బటన్ల మీదికి రాకుండా కోయాలి, వేడి నిబ్ వైపు తగలకూడదు.

పాత మోడళ్లలో మైక్రో యూఎస్‌బీ గుచ్చు ఉంటుంది. అది వదులైతే గీస్తుండగా ‘టడింగ్’మని పలక మాయమై మళ్లీ వస్తుంది. ముందు కేబుల్ మార్చి చూడాలి. అప్పటికీ పోకపోతే లోపలి సాల్డర్ వదిలిందని అర్థం, మొబైల్ రిపేర్ చేసేవాళ్లు అతికిస్తారు. ఇప్పుడు కొనేవాళ్లు టైప్ సీ ఉన్నదే తీసుకోండి, ఎల్ ఆకారపు కొస ఉంటే ఇంకా మంచిది.

గీత ఉన్నట్టుండి సన్నగా వణకడం మొదలైతే చెయ్యిని, పెన్‌ను అనుమానించే ముందు చుట్టూ చూడండి. పలక మీద, పక్కన ఛార్జ్ అవుతున్న ఫోన్, అయస్కాంతమున్న స్పీకర్, ల్యాప్‌టాప్ ఛార్జర్ దిమ్మ, వీటిలో ఏది దగ్గరున్నా తరంగాలు కలిసిపోతాయి. అద్దె ఇళ్లలో చాలా ప్లగ్గులకు ఎర్త్ సరిగ్గా ఉండదు. ఛార్జర్ పీకేస్తే వణుకు ఆగిందంటే కారణం అదే. అలాంటప్పుడు బ్యాటరీ మీద గీయాలి, లేదా ప్లగ్గు మార్చాలి.

బల్ల లోతు కనీసం రెండడుగులు కావాలి. ముందు పలక, వెనక నాలుగైదు పుస్తకాల మీద ఎత్తిన ల్యాప్‌టాప్. తెర కంటి ఎత్తులో ఉంటుంది కాబట్టి మెడ వంగదు. తెర ఉన్న ట్యాబ్లెట్ల కంటే ఇది ఈ ఒక్క విషయంలో స్పష్టంగా పైచెయ్యి. గంటల తరబడి వంగి గీసేవాళ్లకు ఆ తేడా సాయంత్రానికి తెలుస్తుంది.

ఫోన్‌కు కూడా గుచ్చవచ్చని డబ్బా మీద ఉంటుంది. గుచ్చవచ్చు. ఫోన్ నిలువు తెర కాబట్టి పలకలో చిన్న ముక్క మాత్రమే పనిచేస్తుంది. చిత్తు గీతలకు తప్ప దాన్ని నమ్మి కొనకండి.

ఎవరికి కుదరదు? నీటిరంగుల ధోరణిలో పెన్ వాలుతో తడి బ్రష్‌లు వాడేవాళ్లు, టిల్ట్ (పెన్ వాలును గుర్తుపట్టడం) ఉందో లేదో ముందు చూసుకోవాలి, కొన్ని చౌక మోడళ్లలో ఉండదు. ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి పోలిక పట్టేవాళ్లకు కన్ను మూడు చోట్ల తిరగాల్సి వస్తుంది, అది నాలుగేళ్లయినా సులువు కాలేదు. దగ్గరదగ్గరగా సన్నని అల్లిక గీతలు వేసేవాళ్లకు కూడా తెర ఉన్నదే మేలు.

సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే వెంట ల్యాప్‌టాప్, ఒక స్కేలు తీసుకెళ్లండి. స్కేలును పలక మీద ఐమూలగా పెట్టి, పెన్‌తో చాలా నెమ్మదిగా గీత లాగండి, స్మూతింగ్ పూర్తిగా ఆపి. అన్ని పలకల్లోనూ కొంచెం అల కనిపిస్తుంది, మెట్లమెట్లుగా వస్తే మాత్రం వదిలేయండి. నాలుగు మూలల్లో గీసి చూడండి. పెన్‌ను పలకకు తగలకుండా కొంచెం ఎత్తులో తిప్పండి, బాణం కదలాలి, గీత పడకూడదు. పడితే పెన్ పోయింది, దాని ధర బేరంలో తగ్గించమనండి. చివరగా నిబ్ ఊడదీసి చూడండి. అది పుల్లలా విరిగి లోపలే మిగిలిపోయిన పెన్‌లు అమ్మకానికి చాలానే వస్తుంటాయి.